చూడకుండా వేసిన వేలు

దయ్యాలున్నాయనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. ఇరవై రెండేళ్లుగా నర్సుని. ప్రాణం పోయిన మనిషికి కళ్లు మూసి, ముక్కులో దూది పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి టిఫిన్ బాక్సు విప్పిన దాన్ని. మా నానమ్మ జిన్నుల కథలు మొదలుపెడితే మధ్యలోనే లేచి పోయేదాన్ని. మా నాన్నకి అనకాపల్లిలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆగిపోయిన ప్రతి గడియారానికీ లోపల ఏదో ఒక కారణం ఉంటుందనీ, కనపడకపోతే మనం సరిగ్గా చూడలేదనీ అనేవారు. నేనూ అలాగే పెరిగాను. అందుకే ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు. రాయకుండా ఉంటే మాత్రం ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నా పేరు షమీమ్. చోడవరంలో, వడ్డాది వెళ్లే రోడ్డు మీద ఒక సంరక్షణ కేంద్రంలో నర్సు ఇన్‌చార్జిని. దాని పేరు చెప్పను. ఇరవై రెండు మంచాలు. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగి లేవలేనివాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు నెలలూ ఏళ్లూ ఇక్కడే ఉంటారు. ఎక్కువమంది చుట్టుపక్కల రైతుల ఇళ్లవాళ్లే. చెరుకు కోతలప్పుడు ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటే, మంచంలో ఉన్న మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చేదెవరు? అందుకని మా దగ్గర చేర్చి, వారం వారం వచ్చి చూసుకుని వెళ్తారు.

ఆ పక్క మార్చడమే మా పనిలో సగం. కదల్లేని మనిషిని ఒకే వైపు వదిలేస్తే నడుం కింద చర్మం చచ్చి పుండు పడుతుంది. బెడ్‌సోర్ అంటాం. లోతుకి దిగిందంటే ఎముక దాకా పోతుంది, ఆ చీము రక్తంలో కలిస్తే మనిషి దక్కదు. ఎన్ని మందులున్నా, వేళకి తిప్పే చెయ్యి లేకపోతే అవేవీ పనికిరావు.

పోయిన ఏడాది వరకు ఇదంతా రిజిస్టర్‌లో రాసేవాళ్లం. రాయడమంటే, డ్యూటీ దిగే ముందు నిన్నటి పేజీ చూసి ఇవాళ్టి పేజీ నింపేయడం. ఎక్కడైనా జరిగేదే. తర్వాత విశాఖలో ఉన్న మా ట్రస్టు వాళ్లు కాగితాలు మానేయమన్నారు. చక్రాల స్టాండు మీద ఒక ట్యాబ్ పంపారు. దానికి వైరుతో చిన్న వేలిముద్ర మిషను. తెర మీద మంచం నెంబర్లు, ఒక్కో నెంబరు పక్కన రెండేసి గంటలకో గడి. ఆయా రోగిని తిప్పి, గడి నొక్కి, వేలు పెడితే గడి పచ్చబడుతుంది. వేళ దాటితే ఎర్రబడుతుంది. విశాఖలో ఆఫీసు వాళ్లకీ, ఫోన్లో సలహా చెప్పే డాక్టరు గారికీ అదే తెర కనపడుతుంది.

నేర్పడానికి విశాఖ ఆఫీసు నుంచి మూర్తి గారనే ఆయన వచ్చారు. యాభై దాటిన మనిషి, ఓపిక ఎక్కువ. మా ఆయాలు ఒక్క పూటలో నేర్చేసుకున్నారు. బొమ్మలు చూసి నొక్కడమే కదా. కానీ వేళ్లు పడలేదు.

పగటి డ్యూటీ ఆయాలు ఆరుగురు. చిన్నప్పటి నుంచి చెరుకు కొట్టి, బెల్లం పొయ్యిల దగ్గర పనిచేసి, ఆ తర్వాత మా దగ్గర ఫినాయిల్‌లో చేతులు నానినవాళ్లు. బొటనవేలి గీతలు ఏనాడో అరిగిపోయాయి. రేషన్ దగ్గరా వాళ్లకి ఇదే బాధ. వేలు తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి పెట్టినా మిషను ఒప్పుకోలేదు. ఒక్క దేముడమ్మ వేలు మొదటిసారికే పడింది. నీదొక్కటే ఎలా పడిందే అని అడిగితే, "నాకేటి తెలుసు సిస్టరమ్మా, దీని కోసమే ఉంచేడేమో దేవుడు" అని నవ్వింది.

వేలు పడనివాళ్లకి నాలుగంకెల నెంబరు ఇవ్వొచ్చని మూర్తి గారు అప్పుడే చెప్పారు. ఒక్కొక్కరి చేతా అది బట్టీ పట్టించడం, మర్చిపోతే మళ్లీ ఇవ్వడం నాకు తలనొప్పిగా తోచింది. దేముడమ్మ వేలుందిగా, దాంతో కానిచ్చేద్దాం అన్నాను. రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు ఆయా వేలు ఎలాగూ పడుతుంది. నర్సుల వేళ్లు మందుల గళ్లకే పనిచేస్తాయి. అలా పగలు ఎవరు ఎవరిని తిప్పినా వేలు మాత్రం దేముడమ్మదే అయింది.

దేముడమ్మది కె.కోటపాడు దగ్గర పల్లె. రోజూ షేర్ ఆటోలో వచ్చేది. చదువు లేదు, సంతకం కూడా రాదు. మొగుడు పోయిన కొత్తలో బావగారు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అరెకరం పోయిందట. ఆ దెబ్బతో ఆమెకి ఒక పట్టుదల వచ్చింది. ఏ ఆయా పిలిచినా మంచం దాకా నడిచి వెళ్లేది, దుప్పటి ఎత్తి రోగి ఏ పక్కకి ఉన్నాడో చూసేది, అప్పుడు బొటనవేలు పైటకి తుడుచుకుని మిషను మీద పెట్టేది. "సూడకుండా ఏలెయ్యను. నాకు సంతకం నేదు, ఏలేస్తే మాటిచ్చినట్టే" అనేది. మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు. వార్డులో ఈ మూల నుంచి ఒకరు, ఆ మూల నుంచి ఒకరు "దేముడమ్మా, ఏలు" అని కేకలు. పాపం, తన పని చేసుకుంటూనే రోజంతా అటూ ఇటూ పరిగెత్తేది. నాకు మాత్రం తెర పచ్చగా ఉండేది, అది చాలు.

నాలుగు నెలలు అలా నడిచింది. తర్వాత ఒక మంగళవారం వచ్చింది.

ఆ వారం రెండు మూడు ఊళ్లలో అమ్మవారి పండగలు కలిసి వచ్చాయి. ఆరుగురు ఆయాల్లో నలుగురు సెలవు చెప్పకుండానే మానేశారు. మిగిలింది దేముడమ్మ, రమణమ్మ. రమణమ్మ వంట దగ్గరా, స్నానాల దగ్గరా ఇరుక్కుపోయింది. పక్క మార్చాల్సినవాళ్లు తొమ్మిది మంది. దానికి తోడు పొద్దుటి నుంచి కరెంటు లేదు. ట్యాబ్ ఆగిపోతే తెచ్చి నా గదిలో ఇన్వర్టర్ దగ్గర పెట్టాను. సరిగ్గా అదే రోజు నాలుగింటికి ట్రస్టు వాళ్లు చూడటానికి వస్తున్నామని ఫోన్ చేశారు.

రెండున్నరకి ట్యాబ్ వెలిగించి చూస్తే తొమ్మిది మంచాలకీ పొద్దుట తొమ్మిది, పదకొండు, ఒంటిగంట గళ్లు ఎర్రగా ఉన్నాయి. కాసేపటికి మూడింటివి కూడా అవుతాయి. మొత్తం ముప్పై ఆరు. ఈ ట్యాబ్ పద్ధతి బాగా నడుస్తోందని నేనే వాళ్లకి రాసి పంపాను. మూడు దాటగానే వార్డులోకి కేకేసి దేముడమ్మని పిలిచాను. వరసగా వేలు పెట్టేయమన్నాను.

ఆమె తెర వంక చూసింది. "ఇందులో నేను సేసినవి కొన్నేనమ్మా" అని ఏదో చెప్పబోయింది.

"లెక్కలు తర్వాత చెబుదువు గాని. ముందు వెయ్."

"సూడనివి సూసినట్టు ఎలగెయ్యను సిస్టరమ్మా?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే నోరు అదుపులో ఉండదు. వేయకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు, కె.కోటపాడులోనే కూర్చో అన్నాను. ఆమె పైటకి తుడుచుకోకుండానే వేలు పెట్టడం మొదలుపెట్టింది. నేను గడి నొక్కడం, ఆమె వేలు పెట్టడం. ముప్పై ఆరు సార్లు కీచుమంది మిషను. చివరిది అయ్యాక, "ఇయి మల్లీ తీసెయ్యొచ్చా?" అని అడిగింది. నాకూ తెలియదు. తర్వాత చూద్దాంలే అని టీలు పెట్టమని పంపేశాను. ట్రస్టు వాళ్లు వచ్చారు, తెర చూసి మెచ్చుకున్నారు, వెళ్లేసరికి ఐదున్నర దాటింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్న దేముడమ్మ కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. గుండె అన్నారు. నేనూ రమణమ్మా ఆటోలో వెళ్లి చూసి వచ్చాం. చాప మీద పడుకోబెట్టారు. చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టి ఉన్నాయి. వాళ్లలో అందరికీ అలాగే కడతారు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మర్నాడు మంగళవారం మూర్తి గారు విశాఖ నుంచే ఆమె వేలిముద్ర తీసేశారు. మిగిలిన ఆయాలందరికీ నాలుగంకెల నెంబర్లు ఇచ్చారు. అరగంట పట్టింది. ఒక్కరు కూడా మర్చిపోలేదు.

గురువారం పొద్దున్న పదకొండో నెంబరు రాములమ్మ గారికి జ్వరం వచ్చింది. రావికమతం వైపు రైతు కుటుంబం. పక్షవాతంతో రెండేళ్లుగా మంచంలో ఉన్నారు. మాట లేదు, మెడ తిప్పలేరు. కళ్లు మాత్రం కదులుతాయి. కొడుకు అప్పలనాయుడు ప్రతి ఆదివారం వచ్చి తల్లి తల దువ్వి వెళ్తాడు. ఆవిడ నడుం కింద ఒక నల్లటి మచ్చ ఉందని రమణమ్మ నాతో చెప్పింది. నేను తెర చూశాను. పదిహేను రోజుల గళ్లూ పచ్చగా ఉన్నాయి. డైపర్ ఒరిపిడి అయి ఉంటుంది, పౌడర్ వెయ్యమన్నాను. డాక్టరు గారు ఫోన్లో అదే తెర చూసి, పక్కలు వేళకి మారుస్తున్నారు కాబట్టి పుండు కాదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని మాత్రలు రాశారు.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ తెర నింపించింది నేనేనన్న సంగతి ఆ నిమిషంలో నాకు తట్టలేదు. నేను వేయించిన అబద్ధాన్ని నేనే చదువుకుని నమ్మాను.

ఆ రోజే మధ్యాహ్నం మూడు దాటాక మూర్తి గారు ఫోన్ చేశారు. దేముడమ్మ పోయిందని చెప్పారు కదా, నిజమేనా అని అడిగారు. నిజమే, నా కళ్లతో చూశానన్నాను. అప్పుడు చెప్పారు. పండగ వారం మంగళవారం నాడు ఆమె వేసిన ఎంట్రీలను ఎవరో సవరిస్తున్నారు. రెండో నెంబరు మంచానికి "చేశాను" అని ఉన్నవి "చేయలేదు" అని మారాయి. నాలుగో నెంబరులోనూ మార్పు కనపడుతోంది. వేళ మూడు గంటల నాలుగు నిమిషాలు. సవరించాలంటే మొదట వేలు వేసినవాళ్లే మళ్లీ వేలు వేయాలి.

అలాంటి సవరణ ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడుందని అడిగితే, లోపల మూడు తెరలు దాటి వెళ్లాలి, అన్నీ ఇంగ్లీషులో ఉంటాయన్నారు. ఆయన ఆయాలకి అది నేర్పనేలేదు. నెట్ సరిగ్గా లేక ఎప్పటివో ఇప్పుడు చేరి ఉంటాయని ఆయనే సర్దిచెప్పుకుని ఫోన్ పెట్టేశారు.

నేను అలా సర్దిచెప్పుకోలేకపోయాను. ఆ ముప్పై ఆరు గళ్ల సంగతి తెలిసింది దేముడమ్మకీ నాకూ. గది బయట ఉన్న రమణమ్మ విన్నదేమో. ఎవరో నన్ను పట్టించాలని చూస్తున్నారనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా భయమంతా ఉద్యోగం గురించే. పదకొండో నెంబరు గుర్తు కూడా రాలేదు.

శుక్రవారం పొద్దున్నే రమణమ్మని గదిలోకి పిలిచి నిలదీశాను. ఆమె నోరు తెరిచి చూసింది. "నాకు అచ్చరం ముక్క రాదు సిస్టరమ్మా. నా నెంబరు నొక్కడానికే సెయ్యి వణుకుతాది. సచ్చిపోయిన మడిసి ఏలు నేనెక్కడ తేను?" అంది. అదీ నిజమే. అయినా ఊరుకోలేదు నేను. వేలిముద్ర మిషను వైరు పీకేశాను. నా గదిలో బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అన్నం తినబుద్ధి కాలేదు. మందుల రౌండు రెండుసార్లు తిరిగాను, ఒకరికి ఇచ్చిన మాత్రే మళ్లీ ఇవ్వబోతే ఆయనే చెప్పాడు. మూడింటికి ముందే గదిలో కుర్చీ వేసుకుని బీరువాకి ఎదురుగా కూర్చున్నాను.

బీరువా తలుపు కదల్లేదు. ఫోన్ మోగింది. అయిదు, ఏడు, ఎనిమిది నెంబర్లు. మూడూ నాలుగు నిమిషాలు. దేముడమ్మ వేలు. తీసేసిన వేలు ఎలా పడుతోందో తనకి అర్థం కావడం లేదన్నారు మూర్తి గారు, గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం అనకాపల్లి బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఇంటికెళ్లి నమాజుకి నిలబడితే ఎన్నిసార్లు వంగి లేచానో, ఎన్ని రకాతులయ్యాయో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

శనివారం రాములమ్మ గారికి జ్వరం తగ్గలేదు సరికదా, చలి కూడా మొదలైంది. మంచాలు నెంబర్ల వరసలో వస్తున్నాయి. ఎనిమిది తర్వాత పక్క మార్చాల్సిన మంచం పదకొండు. ఆ ముక్క నా తలలో పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది. రెండున్నరకి ట్యాబ్ స్టాండు తోసుకెళ్లి ఆవిడ మంచం కాళ్ల వైపు నిలబెట్టి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. మిషను బీరువాలోనే ఉంది. వార్డులో పట్టపగలు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి, నలుగురు రోగులు మెలకువగానే ఉన్నారు.

రాములమ్మ గారు ఎప్పుడూ ఫ్యాను వంకే చూస్తూ ఉంటారు. మూడింటికి రెండు నిమిషాలు అటూ ఇటుగా ఆవిడ కళ్లు తలుపు వైపు తిరిగాయి. తర్వాత మెల్లగా, నడిచి వచ్చే మనిషిని చూసినట్టు, మంచాల వరస వెంట జరుగుతూ వచ్చి తన కాళ్ల దగ్గర ఆగాయి. నేను తల తిప్పి చూశాను. ఎవరూ లేరు. ఆవిడ మాత్రం రెప్ప వేయకుండా అక్కడే చూస్తున్నారు. ఆ చూపులో భయమేమీ లేదు. తెలిసిన మనిషి వచ్చినప్పుడు ఉండే నెమ్మది ఉంది.

తెర వెలిగింది. నేను ముట్టుకోలేదు. పదకొండో నెంబరు తెరుచుకుంది, ఆ మంగళవారం తెరుచుకుంది. తొమ్మిదింటి గడి పచ్చ నుంచి ఎర్రగా మారింది. తర్వాత పదకొండుది. ఒంటిగంటది. మూడింటిది. ఒక్కొక్కదానికీ మధ్య ఒక మనిషి వేలు తీసి మళ్లీ పెట్టేంత వ్యవధి. పైన వేళ మూడూ నాలుగు.

నాలుగు గళ్లూ చేయలేదు. అంటే ఆ రోజు మాట లేని ఆ మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే పక్క మీద ఉంది. నేను పౌడర్ వెయ్యమన్న మచ్చ అప్పుడు గుర్తొచ్చింది.

రమణమ్మని కేకేసి ఇద్దరం కలిసి ఆవిణ్ని పక్కకి తిప్పాం. డైపర్ విప్పగానే వాసన కొట్టింది. నడుం కింద అరచేతి వెడల్పున చర్మం నల్లగా, గట్టిగా అయిపోయింది. అంచు నొక్కితే కింద మెత్తగా దిగింది, చీము వచ్చింది. "మచ్చని నేను మీకు సెప్పేను కదా సిస్టరమ్మా" అని రమణమ్మ ఏడ్చేసింది. చెప్పింది. నేను మచ్చని చూడలేదు, తెరని చూశాను.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. పచ్చగా ఉంది కదా అని ఆయన అంటుంటే, ఆ చార్టు అబద్ధం సార్, నేనే వేయించానని చెప్పేశాను. అంత తేలిగ్గా ఎలా చెప్పానో తెలియదు. గంటలో అంబులెన్సు వచ్చింది. విశాఖలో ఆసుపత్రిలో ఆ రాత్రే చచ్చిన కండ తీసేశారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చేయడానికేమీ ఉండేది కాదని అక్కడి డాక్టరు అన్నారు.

మిగిలిన మంచాల గళ్లు కూడా ఆ సాయంత్రం లోపే మారిపోయాయని మూర్తి గారు చెప్పారు. ఆ తర్వాత ఇక ఏమీ రాలేదు.

ఆదివారం ఆసుపత్రి వరండాలో అప్పలనాయుడికి జరిగింది చెప్పాను. తెర మారడం సంగతి చెప్పలేదు, నా తప్పు మాత్రం దాచకుండా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "కంప్యూటర్లెట్టేరు కదా, మాకంటే బాగా సూస్తారనుకున్నానండి" అని లోపలికి వెళ్లిపోయాడు. ట్రస్టుకి కూడా రాసి ఇచ్చాను. మెమో వచ్చింది. ఇక్కడికి వచ్చి పనిచేసే నర్సు దొరక్క నన్ను ఉంచారు. రాములమ్మ గారు రెండు నెలలకి తిరిగి వచ్చారు. పుండు మానుతోంది. ఆవిడ కళ్లు మళ్లీ ఫ్యాను మీదే ఉంటున్నాయి.

మూర్తి గారు ఒక రోజంతా కూర్చుని ట్యాబ్ విప్పి చూశారు. సవరణల చిట్టా కాగితాల మీద తీసి నాకు ఇచ్చారు. పాడైన వేలిముద్ర ఎక్కడో మిగిలిపోయి ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఏదో చేసి ఉండొచ్చు అన్నారు. మిషను లేకుండా వేలెలా పడిందంటే, దాని వైరు చేత్తో తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. ఆయన తప్పు పట్టుకోలేకపోయారన్నంత మాత్రాన తప్పు లేదని కాదు. నేనూ అలాగే అనుకుని ఆ కాగితాలు మడిచి పెట్టేయబోయాను.

ఒకసారి లెక్కపెట్టాను. నర్సుని కదా, లెక్కపెట్టకుండా ఏదీ పక్కన పెట్టను. సవరణలు ముప్పై మూడే ఉన్నాయి. మూడు తక్కువ. మళ్లీ మంచం మంచం చూశాను. నాలుగో నెంబరులో తొమ్మిది, పదకొండు, ఒంటిగంట గళ్లు అలాగే ఉన్నాయి. "చేశాను" అనే ఉన్నాయి. మారింది మూడింటిది ఒక్కటే. యంత్రం పొరపాటు కదా, మూడు వదిలేసినట్టుంది అనుకున్నాను.

నాలుగో నెంబరు సన్యాసిరావు గారు. లారీ డ్రైవరుగా చేసి రిటైరైన ఆయన. తుంటి విరిగింది గానీ తలకాయ నాకంటే చురుకు, గొంతు వార్డంతా వినపడుతుంది. కాగితాలు చేత్తో పట్టుకునే వెళ్లి, పండగ రోజు కరెంటు లేనప్పుడు మిమ్మల్ని ఎవరైనా తిప్పారా అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. ఆ కాగితాల్లో ఏముందో ఆయనకి తెలిసే దారి లేదు.

"తిప్పకేం. నేను అరిసేవోడ్ని కదా, దేముడమ్మ ఒచ్చింది. టిఫినయ్యేక ఓపాలి, మద్దిలో ఓపాలి, బోజనం ముందు ఓపాలి. మూడుసార్లు. మరెవల దగ్గరికీ ఎల్లనేకపోయింది, సెయ్యి కాలీ నేదు పాపం."

నాలుగోసారి రాలేదా అన్నాను.

"పిలిసేను. గుమ్మం దాకా ఒచ్చి, ఉండండి బాబూ, పదకొండో నెంబరు అమ్మ పొద్దుటి నుంచి అలగే ఉంది, ఆవిడికి అరవడానికి నోరు నేదు, ముందు ఆవిడ్ని తిప్పేసి ఒస్తానంది. అటెల్తంది కూడా. ఇంతలో మీరు కేకేసేరు కదమ్మా, ఆఫీసులోకి రమ్మని."

ఆ మూడు గళ్ల సంగతి నాకు తెలియదు. రమణమ్మకి తెలియదు. మూర్తి గారికి తెలియదు. ఆ రోజు ఏవి చూసి వేసిన వేళ్లో, ఏవి చూడకుండా వేసినవో తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె చెప్పబోయింది, నేను వినలేదు. ఆ మధ్యాహ్నం నేను కేక వేసినప్పుడు ఆమె పదకొండో మంచానికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో సన్యాసిరావు గారు చూపించిన చోటి నుంచి కొలిచాను. నాలుగు అడుగులు.